వేలెడు దక్షిణానికి

బీరమ్మ దేనికీ భయపడదని నల్లబండలో అందరూ అంటారు. అనడానికి కారణాలు లేకపోలేదు. పెళ్ళయిన కొత్తలో కుల్కచర్ల దిక్కు మంద తోలుకుపోయినప్పుడు దుమ్ములగొండి ఒకటి గొర్రెపిల్లను నోట కరుచుకొని పోతుంటే, గొంగడి నడుముకు చుట్టుకొని దాని వెంటపడి, పిల్లను గుంజుకొని చంకన పెట్టుకొని వచ్చిన మనిషి. ఈమధ్య బషీరాబాద్ బస్సులో ఆమె ఒడిలోని గొర్రెపిల్లను చూసి కండక్టరు టికెట్ తీసుకోమంటే, ఇదీ ఆడపిల్లనే, ఆడోళ్ళకు ఫ్రీ అని మీరే చెప్పిన్రు గదా అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి వదిలేశాడు.

అంతటి మనిషికీ ఒక భయం ఉంది. పెద్దదేమీ కాదు, వేలెడంత. నల్లబండకు కోడలిగా వచ్చిన ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ వేలెడు భయాన్ని కొంగున ముడేసుకొనే తిరిగింది.

నల్లబండ బషీరాబాద్‌కు ఆవల, కన్నడం మాటలు గాలికి కొట్టుకొచ్చేంత దూరంలో ఉంటుంది. ఊరి వెనక మెరక మీద పొద్దప్ప గుడి. నాపరాళ్ళను సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టింది. లోపల ఇరవై అడుగుల పొడుగు, తూర్పున ఒకటే వాకిలి, ఆ వాకిలి పైన గోడలో గుండ్రటి చిల్లు. ఎదురుగా పడమటి గోడకు ఆనించి నిలువెత్తు రాయి, అదే పొద్దప్ప. పొద్దప్పకు దక్షిణం పక్క రాతి అరుగు. అరుగు అయిపోయిన చోట అదే గోడలో తలుపు రెక్కల్లేని గుమ్మం, దాని వెనక చీకటి గది. ఆ గదిలోకి ఎవరూ పోరు, దీపం పట్టుకొని అసలే పోరు. ఎందుకు అని అడిగితే, పోరు అంతే అంటారు.

ఏటా అశ్విని కార్తె మొదటి రోజున, పొద్దు పొడవగానే, ఆ చిల్లులోంచి వెలుగు జొన్నరొట్టె అంత గుండ్రంగా లోపలికొచ్చి పడమటి గోడ మీద నిలబడుతుంది. ఒకప్పుడు అది సరిగ్గా పొద్దప్ప నొసటి మీద నిలబడేదట. కట్టినవాళ్ళు అందుకే కట్టారు. తరాలు గడిచేకొద్దీ అది పక్కకు జరిగి జరిగి, ఒకనాటికి రాయిని పూర్తిగా వదిలేసింది. దేవుడి వెలుగు ఉత్త గోడ మీద పడితే ఊరు నాశనమవుతుందని, ఒక కురుమ పెద్దమనిషి పోయి దాని కింద తన నొసలు పెట్టి అరుగు మీద కూచున్నాడు. ఆయన బీరమ్మ భర్త మొగులప్పకు పూర్వీకుడు. అప్పటినుంచి ఆ ఇంటి మగవాళ్ళకు అదే పని.

పని చూస్తే సులువే. తలకు నువ్వులనూనె పెట్టుకోవాలి. ఒంటరిగా లోపలికి పోయి, గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకొని కూచోవాలి. వెలుగు నొసటి మీదినుంచి రొమ్ము మీదికి, రొమ్ము మీదినుంచి నేల మీదికి దిగేదాకా కదలకూడదు. మొదటిసారి కూచున్న ఏడాది మాత్రం, తన తల ఆనిన చోటికి పైన ఉలితో ఒక గీత గీసుకోవాలి. ఇప్పటికి పదిహేడు గీతలున్నాయి. ప్రతి గీతా ముందటిదానికంటే వేలెడు దక్షిణానికి ఉంటుంది. కొన్ని మరీ దగ్గరగా, కొన్ని కాస్త ఎడంగా ఉంటాయి గానీ, మొత్తం మీద నడక అటే. గీతల కింద తలల నూనె ఇంకి ఇంకి, పొద్దప్ప రాయి నుంచి గుమ్మం దాకా గోడంతా ఒకటే నల్లటి చార.

దక్షిణం ఎవరి దిక్కో గొర్రెల కాపరులకు కూడా ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లో ఒక మాట ఉంది. బీరమ్మ కాపురానికొచ్చిన మొదటి ఏడే మామ ఆమెను కూచోబెట్టి చెప్పాడు. వెలుగు చీకటి గదిలకు పోయిన ఏడు, కూసున్నోడు దాని ఎంట పోతడు. చెప్పి, తీరిగ్గా బీడీ ముట్టించుకున్నాడు. ఆయన కూచున్న గీతకూ గుమ్మానికీ మధ్య అప్పటికి నాలుగు వేళ్ళ గోడ మిగిలి ఉంది, ఆయనకేం ఫికర్.

మొగులప్ప నెమ్మదైన మనిషి. గొర్రెల బొచ్చు కత్తిరించేటప్పుడు వాటికి ఊరి సంగతులన్నీ చెబుతాడు, పెళ్ళాంతో మాత్రం రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు. ఏటా అశ్విని నాడు గుడి నుంచి ఇంటికొచ్చి, ఆ ఏటి వెలుగు ఎక్కడ పడిందో వేలితో నొసటి మీద చూపించేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ వేలు కుడిపక్కకు పోయేది. నిరుడు ఇంటికొచ్చి ఏమీ చూపించలేదు. బీరమ్మ అడిగితే, సగమే తగిలింది అన్నాడు. మిగతా సగం తన కుడిచెవి పక్కనుంచి గుమ్మంలోకి పోయిందని, అది పోతుంటే వెనకనుంచి ఎవరో మెల్లగా ఊపిరి పీల్చుకున్నట్టు వినబడిందని చెప్పాడు. పెళ్ళయ్యాక ఆమెతో అతను ఒక్కపెట్టున మాట్లాడిన పెద్ద మాట అదే.

దీపావళికి వారం ముందు మొగులప్పకు ఎడమపక్క పడిపోయింది. వెలుగు తగలని పక్క. తాండూరు డాక్టరు బీపీ అన్నాడు, గోళీలు వేసుకోలేదని కోప్పడ్డాడు. గోళీలు వేసుకోకపోవడం నిజమే. కానీ డాక్టరు మాట డాక్టరుది, గోడ మీది గీత మాట గీతది. పండుగ వెళ్ళిన మూడోనాడు మొగులప్ప పోయాడు. దినాలకు వచ్చినవాళ్ళంతా బీరమ్మను ఓదార్చి, పోతూ పోతూ ఆమె కొడుకు వెంకటేశం ముఖాన్ని ఒకసారి పరీక్షగా చూసి పోయారు.

వెంకటేశం తాండూరులో నాపరాయి పాలిష్ పట్టే కార్ఖానాలో చేస్తాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. దేవుడంటే లేదనడు, ఉందనడు, చెప్పిన పని చేస్తాడు. ఈ ఏడు కూచోవాల్సింది అతనే. వెలుగు ఎక్కడ పడితే అక్కడ నొసలు పెట్టాలన్నది కట్టు. అంటే ఇక గోడ లేదు, గుమ్మంలో కూచోవాలి, వీపు వెనక ఆ గది. అరగంట పని తియ్యమ్మా, కూసుంట అన్నాడు తేలిగ్గా. అతనికి తేలికే. ఆ ఒక్క కొడుకును కడుపున మోసినామెకు చలికాలమంతా నిద్ర లేదు.

రెబెక్క పరిచయమైంది బస్సులోనే. గొర్రెపిల్ల టికెట్ సంగతికి అందరికంటే ఎక్కువసేపు నవ్వింది ఆమెనే. తాండూరు నుంచి రోజూ వచ్చి బషీరాబాద్ హైస్కూల్లో సైన్సు చెబుతుంది. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు పిల్లలతో కొట్లాట. బీరమ్మ ఎవరికీ చెప్పని సంగతిని, ఎదుటామె కులమూ కాదు, ఊరూ కాదు అన్న ధైర్యంతో, ఒక సాయంత్రం తిరుగు బస్సులో ఆమెకు చెప్పేసింది. ఒక్కోసారి సొంతవాళ్ళకంటే బస్సులో పక్క సీటు నయం.

మరుసటి శనివారం రెబెక్క టేపు పట్టుకొని గుడికొచ్చింది. పొద్దప్ప నొసటి నుంచి మొగులప్ప గీత దాకా కొలిచింది, వాకిలి నుంచి గోడకు కొలిచింది, నోట్‌బుక్కులో ఏదో లెక్క వేసింది. తరవాత అరుగు మీద కాదు, బయట నేల మీద కూచొని, బడిపిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"పెద్దమ్మా, కార్తెలు చుక్కల లెక్క. పొద్దు ఉత్తరానికి, దక్షిణానికి జరిగేది ఇంకో లెక్క. రెండూ ఒకటే అనుకుంటం, కాదు. ఏడాదికి ఇరవై నిమిషాల తేడా ఉంటది. డెబ్బై రెండేండ్లకు అది ఒక దినం అవుతది. గుడి కట్టి తొమ్మిదివందల ఏండ్లు అనుకుంటే, మీ అశ్విని పన్నెండు దినాలు ఆలస్యంగ వస్తున్నట్టు."

"అయితే వెలుగు జరగలేదా?"

"వెలుగు యాడికీ పోలేదు. జరిగింది మీ దినం."

అయితే నా కొడుకు పోడా అని బీరమ్మ అడిగింది. రెబెక్క నోట్‌బుక్కు మూసింది. ఆ లెక్క దీంట్ల లేదు పెద్దమ్మా అంది. అబద్ధం చెప్పి ఓదార్చే మనిషి కాదు, అందుకే బీరమ్మకు ఆమె మీద నమ్మకం కుదిరింది.

అశ్వినికి పన్నెండు రోజుల ముందు, తెల్లారుగట్ల, ఇద్దరూ గుడికి పోయారు. పొద్దు పొడిచింది. చిల్లులోంచి వచ్చిన వెలుగు గోడ మీద కాస్త పైన నిలబడి, జారుతూ జారుతూ దిగి, పొద్దప్ప నొసటి మీదికి వచ్చి ఆగింది. వేలెడు అటు లేదు, వేలెడు ఇటు లేదు. బీరమ్మ ఆ రాయిని ఇన్నేళ్ళుగా చూస్తోంది, బొట్లు పెట్టింది, నీళ్ళు పోసింది, అది ఉత్త రాయే అనుకుంది. ఆ వెలుగులో దానికి ముఖం ఉంది. బాగా అరిగిపోయిన ముఖం, కళ్ళు రెండూ మూసుకొని ఉన్నాయి. ఏటా ఈ రోజు ఇక్కడికి వెలుగు వస్తూనే ఉంది, చూసే దిక్కు లేదు. ఊరంతా పన్నెండు రోజుల తరవాత వచ్చి గోడకు మొక్కి పోతోంది. బీరమ్మకు ఏడుపొచ్చింది, ఏడ్చింది.

అప్పుడే చీకటి గుమ్మంలోంచి చల్లటి గాలి ఒకటి వచ్చి ఇద్దరి పాదాలనూ తాకి వెనక్కి పోయింది. వచ్చి ఆగలేదు, వెనక్కి పోయింది. బయట చెట్టు ఆకు కదలడం లేదు. రెబెక్క చున్నీ మెడకు చుట్టుకొని, పోదాం పెద్దమ్మా అంది.

ఆ రోజే బీరమ్మ కులపెద్ద అనంతయ్య దగ్గరికి పోయింది. మొగులప్పకు పెద్దనాన్న కొడుకు, ఆమెకు బావ వరస. దినం ముందుకు జరుపుదాం, వెలుగు దేవుని మీదనే పడుతది, ఎవ్వరూ కూసునే పని ఉండదు అని చెప్పింది. అనంతయ్య పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కార్తెను ఎట్ల జరుపుతావని అడిగాడు. ఇయ్యాల అశ్విని జరిపితే రేపు మిరుగు కార్తె జరపాలె, విత్తనం ఎప్పుడు వెయ్యాలె, గొర్ల బొచ్చు ఎప్పుడు కత్తిరించాలె. పైగా ఈ ఏడు నువ్వు చెప్పిన దినం అయిపోనే పోయింది, ఇప్పుడు జరిపేదేంది అన్నాడు. ఆఖరికి, చర్చికి పోయే ఆమెకు మన దేవుని లెక్కలెందుకు అని కూడా అన్నాడు. చర్చి మీద పొడిచేది వేరే పొద్దు కాదు బావా అని బీరమ్మ లేచి వచ్చేసింది. మాట గెలిచింది గానీ పని గెలవలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. అశ్విని నాడు తెల్లారకముందే కొడుకును నిద్రలేపి, తలకు నూనె పెడుతూ చెప్పింది.

"నువ్వు గుమ్మంల కూసోకు. మీ నాయిన గీత కాడనే గోడకు ఆనుకో. వెలుగు నీ పక్కపొంటి లోపలికి పోతది. లోపల నేనుంట."

"ఆ గదిలకు ఎవ్వరు పోవద్దు గదమ్మా."

"నాకు ఎవ్వరు చెప్పలే. అందరు మగోళ్ళకే చెప్పిన్రు."

వెంకటేశం ఒప్పుకోలేదు. ఆమె ఒప్పుకోమని అడగలేదు. అనంతయ్యా మిగతా పెద్దలూ మెరక కింద డోళ్ళు దించుకునేసరికే ఆమె గుమ్మం దాటి చీకట్లోకి పోయింది.

గబ్బిలాల కంపు కొడుతుందనుకుంది. కొట్టలేదు. నువ్వులనూనె, పసుపు, తడి జుట్టు వాసన వచ్చింది, నలుగురు ఆడవాళ్ళు తలంటుకున్న ఇంట్లో వచ్చే వాసన. కాలికింద ఏదో సన్నగా నలిగింది. చేతులతో తడుముకుంటూ వెనకగోడ దాకా పోయి, గుమ్మానికి ఎదురుగా కూచొని తల ఆనించింది. గోడలో ఆ చోటు జిడ్డుగా, నున్నగా ఉంది. తల సరిగ్గా ఇమిడింది. ఇంట్లో ముప్పై ఎనిమిదేళ్ళు పడుకున్న దిండు కూడా ఆమె తలకు అంత సరిగ్గా అమరలేదు.

బయట డోలు దెబ్బ వినబడింది. వెంకటేశం అడుగులు లోపలికి వచ్చాయి, అరుగు దగ్గర ఆగాయి, గోడకు తల ఆనిన చప్పుడు అయింది. కొంచెంసేపటికి గుమ్మం అంచు బూడిదరంగుకు తిరిగింది. తరవాత వెలుగు వచ్చింది. కొడుకు కుడిచెవి పక్కనుంచి జారి, గుమ్మం దాటి, ఆమె తలకు జానెడు పైన గోడ మీద నిలబడింది. కళ్ళు మూసుకోవాలన్న కట్టు కూడా మగవాళ్ళకు చెప్పిందే కాబట్టి ఆమె కళ్ళు తెరిచే చూసింది.

నేలంతా పగిలిన చేతిగాజుల ముక్కలు. పైన ఎరుపు, ఆకుపచ్చ, ఈమధ్యవి. కాలితో కదిపితే వాటి కింద నల్లగాజులు, వాటి కింద లక్కగాజుల పెంకులు, ఇంకా కింద మట్టిలో కలిసిపోయి ఏవో. మెడ తిప్పి వెనకగోడ చూసుకుంది. బయట గోడ మీద పదిహేడు తలల చార పక్కపక్కన పరుచుకొని ఉంది. ఇక్కడ ఒకటే మరక. ఒకటే చోట నూనె మీద నూనె పట్టి, అరచేయంత మందాన గడ్డ కట్టింది. పైన గీత లేదు. ఒక్క గీత కూడా లేదు.

అర్థం కావడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. మొగుణ్ణి కూచోబెట్టిన ప్రతి పెళ్ళామూ, కొడుకును కూచోబెట్టిన ప్రతి తల్లీ, ఎవరికీ చెప్పకుండా, చీకట్లో గోడకు గాజులు చిట్లించుకుంటూ ఇక్కడికొచ్చి కూచుంది. పోయేది నేను పోతానని కూచుంది. ఎవరికి వారు తామొక్కరే అనుకున్నారు, ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. వాళ్ళ కాలానికి వెలుగు ఇంకా బయట గోడ మీదే ఉంది, ఈ గదికి రాలేదు. అరగంట చీకట్లో కూచొని లేచిపోయారు. నిరుడు మొగులప్ప కూచున్న నాడు తను మాత్రం ఇంట్లో పొయ్యి ముందర కూచుంది. ఆ సంగతి గుర్తొచ్చి బీరమ్మ పళ్ళు బిగబట్టింది.

"అమ్మా," అన్నాడు వెంకటేశం అవతలినుంచి. "గాజులెందుకు సప్పుడైతున్నయి?"

ఆమె చేతులు చూసుకుంది. మొగులప్ప పదో దినం నుంచి అవి బోసిగానే ఉన్నాయి. ఒళ్ళో కదలకుండా ఉన్నాయి. చప్పుడు మాత్రం ఆగలేదు. ఎడంపక్కన, కుడిపక్కన, షేర్ ఆటోలో వెనక సీటు మీద ఇరుక్కొని కూచున్నట్టుగా, భుజానికి భుజం వెచ్చగా తగులుతోంది. అప్పుడు వెలుగు దిగి ఆమె నొసటి మీద నిలబడింది. నిలబడగానే గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు.

"అమ్మా, నీతోని లోపల ఎవరున్నరు?"

"అందరం ఉన్నం కొడుకా," అంది బీరమ్మ. "నువ్వు కండ్లు తెరువకు."

వెలుగు రొమ్ము మీదికి దిగి, నేల మీది గాజుముక్కల్లో చెదిరి, పోయింది. ఆమె లేచింది. కుడిచేయి ఆడించి చూసుకుంది, ఎడమచేయి ఆడించి చూసుకుంది. రెండూ ఆడాయి. పెద్దలు దిగిపోయేదాకా లోపలే ఉండి, తరవాత బయటికొచ్చి, అరుగు మీద కూచునే ఉన్న కొడుకు తల మీద చేయి వేసింది. ఇద్దరూ ఇంటికి పోయి జొన్నగట్క తాగారు.

వెంకటేశం కడుపులో మాట దాచుకోలేడు. నాలుగు రోజులకే పోయి అనంతయ్యకు అంతా చెప్పేశాడు. అనంతయ్య రెండు రాత్రులు నిద్ర లేకుండా గడిపి, మూడోనాడు పొద్దున్నే బీరమ్మ ఇంటికొచ్చాడు. బడి సెలవు కాబట్టి రెబెక్క కూడా అక్కడే ఉంది, గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. అనంతయ్య ఆమెకు నమస్తే పెట్టాడు. టీచరమ్మ లెక్క సరైందే అన్నాడు. వచ్చే ఏటినుంచి పన్నెండు దినాలు ముందుకు జరుపుదాం, వెలుగు మళ్ళీ దేవుని మీదికే పోతుంది, మన పిల్లలకు ఆ గది పీడ వదులుతుంది, కులమంతా ఒప్పుకుంది అన్నాడు. గుమ్మానికి రాళ్ళు పేర్చి మూసేద్దాం అని కూడా అన్నాడు. చెబుతున్నంతసేపూ కండువాతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు.

చలికాలమంతా బీరమ్మ మొక్కుకున్నది సరిగ్గా దానికే. రెబెక్క ఆమె ముఖంలోకి సంతోషంగా చూసింది. బీరమ్మ చేతిలోని ఉన్ని పక్కన పెట్టింది.

"వద్దు బావా. దినం జరపకు, గుమ్మం మూయకు. పోరగాండ్లను గోడకు ఆనుకొని కూసోమను, వాళ్ళకేం కాదు. నేనున్నన్ని ఏండ్లు గదిల నేను కూసుంట."

ఎందుకని అనంతయ్య అడిగాడు. ఆ చల్లటి గాలి సంగతి ఎరిగిన రెబెక్క వైపు ఒకసారి చూసి, బీరమ్మ చెప్పింది.

"లోపలున్నోళ్ళకు ఇప్పుడిప్పుడే తెల్లారుతున్నది."